తిరిగి వచ్చే దారి: పత్తికొండ నేల నుంచి ‘కొండపొలం’, ‘సినిమాబండి’ చిత్రాల పరిశీలన

పత్తికొండ పేరు చరిత్ర గ్రంథాలలో ఎక్కువగా ఒక మరణంతో ముడిపడి కనిపిస్తుంది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, స్వదేశానికి మరలిపోయే ముందు తాను పాలించిన సీమను మరొక్కసారి చూడవచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఆయన స్మృతికి మద్రాసులో గుర్రంమీది విగ్రహం నిలిచింది. పత్తికొండలో మాత్రం చెట్ల తోపు వేయించి, రాతి బావి కట్టించారు. నగరానికి విగ్రహం, కరువునేలకు నీడా నీళ్లూ. ఒక మనిషిని తలచుకోవడానికి కూడా ఈ నేల అడిగింది నీటినే. 1858లో బళ్లారి నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన ఈ తాలూకా, ఆ తరువాత రెండు దశాబ్దాలు నిండకముందే 1876-78 మహాక్షామాన్ని చూసింది. ధాతునామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు మొదలుకొని 1950ల తొలి ఏళ్ల గంజికరువు వరకు, ఈ ప్రాంతపు జ్ఞాపకంలో కాలగణన కరువుల పేర్లతోనే సాగింది.

ఇటువంటి నేలను తెలుగు సినిమా ఎలా చూపింది అన్న ప్రశ్నకు 2021 వరకు చెప్పుకోదగిన జవాబు లేదు. ఆ ఏడాది కొద్ది నెలల తేడాతో రెండు చిత్రాలు వచ్చాయి. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో ‘సినిమాబండి’ మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా క్రిష్ జాగర్లమూడి తీసిన ‘కొండపొలం’ అక్టోబరు 8న థియేటర్లకు వచ్చింది. ఒకటి కడప జిల్లా గొర్రెలకాపరుల కథ, మరొకటి ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెలోని ఆటో నడిపే యువకుడి కథ. రెండింటికీ పునాది వానలేమి. ఒకటి పులి ఉన్న సాహసగాథగా, రెండవది అమాయకపు హాస్యంగా ప్రేక్షకుల మన్నన పొందాయి. కరువును అవి ఏ రూపంలో గ్రహించాయన్నది, పల్లె నిబ్బరానికి అవి ఏ అర్థం చెప్పాయన్నది ఇక్కడ పరిశీలనాంశం. అందుకు కొలమానంగా పత్తికొండను తీసుకోవడానికి కారణం ఉంది. ఈ రెండు చిత్రాలూ పత్తికొండను చూపవు. ఇక్కడి రైతుకు ఆపదలో ఎక్కిపోవడానికి దగ్గరలో నల్లమల లేదు, సరిహద్దు అవతలి బెంగళూరు వెలుగుల ఆసరా అంత చేరువలో లేదు. కరువు తన మామూలు ముఖంతో కనిపించేది ఇటువంటి చోటనే.

పూర్వరంగం

సీమ నుంచి తెలుగు సినిమాకు మహామహులు వచ్చారు. కడప జిల్లా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి, తాడిపత్రి ప్రాంతం నుంచి వచ్చిన కె.వి. రెడ్డి వాహినీ సంస్థకు ప్రాణం పోశారు. ‘మల్లీశ్వరి’ (1951), ‘పెద్దమనుషులు’ (1954), ‘బంగారుపాప’ (1955) వంటి చిత్రాలలో మానవ సంబంధాల సున్నితత్వం ఉంది, పౌరజీవితపు కపటంపై విమర్శ ఉంది. వారు పుట్టిన నేలలోని వానల కథ మాత్రం వాటిలో వస్తువు కాలేదు. రాయలవారి వైభవానికి చోటు దొరికింది గాని రాయలసీమ బీడుకు దొరకలేదు. దీనిని వారి లోపంగా చెప్పడం సరికాదు. మద్రాసులో వర్ధిల్లిన పరిశ్రమకు పల్లె అంటే డెల్టా పల్లె అని ఒక రూపం అప్పటికే స్థిరపడుతూ ఉంది. కాలువగట్టు, వరికుప్ప, కొబ్బరిచెట్టు అందులోని అలంకారాలు. ‘రోజులు మారాయి’ (1955) వంటి రైతు చిత్రాలు ఆ రూపంలోనే భూమి సమస్యను చర్చించాయి.

ఆ తరువాత సీమ తెరమీదకు వచ్చింది, కత్తితో వచ్చింది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) వరుసలో సీమ అంటే గుమ్మం, సుమో, వేటకొడవలి అన్న గుర్తులు బిగుసుకున్నాయి. ‘ఒక్కడు’ (2003) కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది, ఒక వెంటాటకు నేపథ్యంగా. ‘ఇంద్ర’లో సీమకు నీళ్లు తేవాలన్న కోరిక కథను మలుపు తిప్పుతుంది. అయినా అక్కడ నీళ్లు కథానాయకుని త్యాగానికి కొలత మాత్రమే. విత్తనం వేసి ఆకాశం చూసే మనిషి ఆ చిత్రాలలో జనసమూహంలో ఒక తలగా మిగిలాడు. గౌతమ్ ఘోష్ ‘మాభూమి’, బి. నరసింగరావు ‘దాసి’ (1988) తెలంగాణ పల్లెకు తెచ్చిపెట్టిన వాస్తవిక చిత్రణ పరంపర సీమకు దక్కలేదు. సాహిత్యంలో స్థితి ఇందుకు పూర్తిగా వేరు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి మొదలుకొని సన్నపురెడ్డి వరకు కథకులు సీమ సేద్యాన్ని పూసగుచ్చినట్లు రాశారు. సినిమా ఆ సాహిత్యం వైపు తిరిగి చూడడానికి ఇంతకాలం పట్టడం గమనించదగిన విషయం. అందువల్ల, లోపాలన్నీ లెక్కించిన తరువాత కూడా, ‘కొండపొలం’ నవలను తెరకెక్కించాలన్న నిర్ణయానికి విలువ తగ్గదు.

పచ్చని కరువు

తెరమీద కరువుకు ఒక నిలవ గుర్తు ఉంది: నెర్రెలు విచ్చిన నేల. కెమెరా నేలకు దగ్గరగా దిగుతుంది, బీటల మధ్య ఒక పాదం కనిపిస్తుంది, ముసలివాడు నుదుటిపై చెయ్యి ఆనించి ఆకాశం చూస్తాడు. ఈ దృశ్యం ఎండిన చెరువు గర్భానికి, నల్లరేగడికి చెల్లుతుంది. పత్తికొండ పరిసరాల ఎర్రనేలలో వేరుశనగ రైతుకు వచ్చే కరువు చాలాసార్లు ఇలా కనిపించదు. తొలకరిలో ఒక వాన పడుతుంది. నేలకు పదును అందుతుంది. గొర్రు కడతారు, విత్తనం పడుతుంది, మొలక వస్తుంది, పూత కూడా వస్తుంది. ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన మొహం చాటేస్తుంది. నేల గట్టిపడుతుంది, ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ సమయంలో పొలం గట్టున నిలబడి చూసేవారికి చేను పచ్చగానే ఉంటుంది. బస్సు కిటికీలోంచి చూసే అధికారికి ఇబ్బంది ఏమీ తోచదు. చెట్టు పీకి చూసినప్పుడే రైతుకు ఆ ఏడు ఏమైందో తెలుస్తుంది.

ఈ పచ్చని కరువును చూపడం సినిమాకు కష్టం. అది ఒక దృశ్యం కాకపోవడమే దానికి కారణం. అది కొన్ని నెలల పొడవునా సాగే లెక్క. విత్తనాలకు తెచ్చిన అప్పు, రెండవ వానకోసం వాయిదా వేసిన పెళ్లి, బోరు మరొక వంద అడుగులు దించాలా వద్దా అన్న మీమాంస, వీటి మధ్య కరువు బతుకుతుంది. ఇదే ప్రాంతంలో నీరున్న రైతు కష్టం కూడా కంటికి ఆనదు. పత్తికొండ టమోటా మార్కెట్టుకు పెట్టెలు పెట్టెలుగా సరుకు వచ్చిన రోజునే ధర పడిపోయి, కోతకూలి కూడా రాక, ఎర్రని పండ్లను రోడ్డుపక్కన పారబోసిన సందర్భాలు పలుమార్లు వార్తలకెక్కాయి. అక్కడ పంట పండడమే నష్టం. హంద్రీ-నీవా కాలువ, పందికోన జలాశయం వచ్చిన తరువాత కూడా ఈ లెక్కలోని అనిశ్చితి పూర్తిగా తొలగలేదు. నెర్రెల నేల చిత్రానికి ఈ జీవితంలో ఉన్న పాత్ర చాలా చిన్నది. ఎదురుచూపును, లెక్కను, అనిశ్చితిని చూపగల కథనమే సీమ కరువును చూపగలదు. ఈ గీటురాయిపై రెండు చిత్రాలనూ చూడవలసి ఉంది.

‘కొండపొలం’: అడవిలోకి దారి

కొండపొలం అనేది ఒక వృత్తి ఆచారం. కింద ఊళ్లలో గడ్డీ నీళ్లూ కరువైనప్పుడు గొర్రెలకాపరులు కొన్ని మందలను కలుపుకొని కొండకు తోలుకుపోతారు. కొన్ని వారాలపాటు అడవిలో జీవాలను మేపి, వానలు పడినంతనే ఊరికి మళ్లుతారు. ఈ పోకడలో రెండు విషయాలు ప్రధానం. మొదటిది, ఇది ఒంటరి మనిషి చేయగల పని కాదు. మందలు కలవాలి, కాపలాకు వంతులు కుదరాలి, దారి తెలిసిన పెద్దమనిషి ముందుండాలి. రెండవది, ఇది తిరిగివచ్చే ప్రయాణం. పోవడమంతా మళ్లీ ఊళ్లో బతకడం కోసమే. తానా వారి 2019 నవలల పోటీలో బహుమతి పొందిన సన్నపురెడ్డి నవల బలం ఈ పని సూక్ష్మాలు తెలిసిన భాషలో ఉంది. గొర్రె నడక, చెట్టు పేరు, వాగు మలుపు, మృగం జాడ అన్నీ కాపరి మాటలోనే పాఠకుని చేరుతాయి.

చిత్రం ఈ వస్తువును ఒక మౌఖిక పరీక్ష చట్రంలో అమర్చింది. కథానాయకుడు కటారు రవీంద్రయాదవ్ (వైష్ణవ్ తేజ్) అటవీ సేవల ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూర్చుంటాడు. అతనిలోని ధైర్యానికి మూలం ఏమిటన్న ప్రశ్నకు జవాబుగా గతం మొదలవుతుంది. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, ఆత్మన్యూనతతో ఊరికి తిరిగివచ్చిన యువకుడు, తాత రోశయ్య (కోట శ్రీనివాసరావు) సలహాతో, తండ్రి గురప్ప (సాయిచంద్) వెంట మందతో నల్లమలకు పోతాడు. పులి ఎదురవుతుంది, చెట్లు నరికే దొంగలు ఎదురవుతారు. పిరికివాడు ధీరుడవుతాడు. చివరికి అధికారి అవుతాడు.

ఈ చట్రం కథకు బిగువు ఇచ్చింది, నిజమే. అయితే అది కొండపొలానికి అర్థాన్ని కూడా మార్చింది. కాపరుల అనుభవం ఎవరికి చెప్పబడుతున్నదో గమనిస్తే ఈ మార్పు స్పష్టపడుతుంది. వినేవారు నగరంలో బల్లకు ఆవల కూర్చున్న నిర్ణేతలు. వారు మెచ్చుకుంటేనే ఆ అనుభవానికి విలువ ధ్రువపడుతుంది. గురప్ప ఏళ్ల తరబడి చేసిన పని, ఎన్నడూ ఎవరూ మార్కులు వేయని పని, కొడుకు జవాబుపత్రంలో ఒక ఉదాహరణగా మారింది. అంతకుమించి, గుండ్రంగా తిరిగివచ్చే ప్రయాణం తిన్నని గీత అయింది. గురప్ప, తక్కిన కాపరులు మందతో ఊరికి వస్తారు, వచ్చే కరువుకు మళ్లీ పోతారు. రవీంద్ర మాత్రం ఒక్కసారి పోయి, ఊరి జీవనం నుంచే బయటపడతాడు. అతడు మళ్లీ అడవిలో అడుగుపెట్టినా కంబళి భుజాన వేసుకొని రాడు, ఖాకీ దుస్తులలో వస్తాడు. కాపరుల పక్కన కాపరులకు అనుమతి ఇచ్చే మనిషి నిలబడతాడు. ఈ చివరి సంగతిలోని చిక్కును చిత్రం తాకలేదు. మేతకు పోయే మందకూ అటవీశాఖకూ మధ్య ఉండే దైనందిన ఘర్షణను చిత్రం గంభీరంగా తీసుకొని ఉంటే, నాయకుని విజయమే ఒక ప్రశ్నగా నిలిచేది.

పులి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పులి భయం కాపరి జీవితంలో నిజం. కాని చిత్రంలో పులి కరువును పక్కకు తోసేసింది. ఊరిని వదిలిన కారణం నీళ్లు, అడవిలో ప్రేక్షకుని కట్టిపడేసేది పులి. కథ ముందుకు సాగినకొద్దీ వెనుక విడిచివచ్చిన ఊళ్లో బావి అడుగంటిందా, మిగిలినవారు ఏం తింటున్నారు అన్న ఆలోచన ప్రేక్షకునికి రాదు. కరువు ఒక శత్రువు రూపం ధరించదు కాబట్టి సినిమా దానికి ఒక శత్రువును వెతికిపెట్టింది. నిదానంగా పీల్చే కష్టం ఒక్కదెబ్బకు దూకే కష్టంగా మారినప్పుడు దానిని జయించడం కూడా ఒక్కదెబ్బతో సాధ్యమవుతుంది. పచ్చని చేను గట్టున నిలబడిన రైతుకు అటువంటి ముఖాముఖి దొరకదు. ఈ చిత్రానికి చిత్రీకరణ ఎక్కువగా వికారాబాదు ప్రాంతపు అడవుల్లో జరిగింది. జ్ఞానశేఖర్ ఛాయాగ్రహణంలో అడవి అందంగా ఉంది. కొంచెం ఎక్కువ అందంగా ఉందన్నా తప్పులేదు. నల్లమల వేసవి ముల్లు, రాయి, చెమట ఆ పచ్చదనంలో పలచబడ్డాయి.

అయినా చిత్రంలో కొన్ని చోట్ల నేల తగులుతుంది. సాయిచంద్ గురప్ప పాత్రను పోషించిన తీరు అటువంటి చోటు. కొడుకు పిరికితనాన్ని చూసి ఆయన కోపగించడు, నవ్వడు. జీవాల వైపు ఒక కన్నూ కొడుకు వైపు ఒక కన్నూ వేసి నడుస్తాడు. గొంతు పెంచకుండా బతుకును లాక్కువచ్చిన మనిషి అలసట ఆ నడకలో ఉంది. సీమ నిబ్బరం అంటే ఏమిటని ఈ చిత్రాన్ని అడిగితే, కథానాయకుని ఉపన్యాసాల కంటె గురప్ప మౌనమే నమ్మదగిన జవాబు చెబుతుంది. ఓబులమ్మ (రకుల్ ప్రీత్ సింగ్) పాత్ర సంగతి వేరు. నవలలో లేని ఈ పాత్రను సినిమా కోసం కల్పించారు. కల్పించడం తప్పు కాదు. ఆడది ఒంటరిగా మంద వెంట అడవికి రావడమన్న ఆలోచనలో తెగువ ఉంది. ఆమె మొదటినుంచీ ధైర్యవంతురాలు కాబట్టి ఆమెకు ఎదుగుదల లేదు, నాయకుని ఎదుగుదలకు తోడ్పడడమే పని. ఆమె మంద ఏమైంది, ఆమె ఇంటి కరువు ఏమైంది అన్నవి కథకు అక్కరలేని విషయాలుగా మిగిలిపోయాయి.

సుగ్గి

పత్తికొండ, ఆలూరు, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెలలో కరువుకు ఉన్న మారుపేరు సుగ్గి. కన్నడంలో ఈ మాటకు పంటకోత అని, కోతల పండుగ అని అర్థం. సరిహద్దు దాటి కర్నూలు పడమటి పల్లెలకు వచ్చేసరికి అది తమ కోత కాకుండా ఇతరుల కోతకు కూలికి పోవడమన్న అర్థాన్ని తెచ్చుకుంది. సొంత పండుగ పేరే వలసకు పేరయిన ఈ అర్థవిపరిణామంలో ఒక ప్రాంతపు ఆర్థికచరిత్ర ఇమిడి ఉంది. భాషాశాస్త్ర పరిశోధకులు దీనిపై విడిగా పనిచేయవలసిన అవసరం ఉంది. ఖరీఫు చేతికి రాకపోతే, లేదా వచ్చింది అప్పులకు చాలకపోతే, కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి ఏరడానికి పోతాయి. కాయ కోత కూలి తూకాన్ని బట్టి. అందువల్ల ఎన్ని చేతులుంటే అంత మేలు. పిల్లల బడి మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే. ఊళ్లో తాళం వేసిన ఇళ్లు, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్లకు అప్పగించిన చంటిపిల్లలు మిగులుతారు. కోతలు ముగిశాక, తొలకరి నాటికి, తాళాలు తెరుచుకుంటాయి. మళ్లీ గొర్రు కడతారు.

సుగ్గినీ కొండపొలాన్నీ పక్కపక్కన పెడితే వాటి పోలిక వెంటనే తెలుస్తుంది. ఒకటి జీవాల వెంట, ఒకటి పిల్లల వెంట. రెండూ గుంపుగా పోవడమే, రెండూ తిరిగిరావడం కోసమే. సీమ పల్లె బతికి ఉండడానికి ఆధారం ఈ పోకరాకలే. ఊరు వదలని మొండితనం గాని, ఊరు దాటిపోయే ప్రతిభ గాని ఆ ఆధారం కాలేవు. ఏటేటా వదిలిపోయి, ఏటేటా తిరిగివచ్చే ఈ నడకకు తగిన కథారూపం తెలుగు సినిమాకు ఇంకా దొరకలేదు. కథకు ఆరంభం, అంతం, మధ్యలో నాయకుని పరివర్తన అవసరమని నమ్మే కథనశిల్పానికి ఈ నడక ఇమడదు. వెళ్లినవాడు మారకుండానే తిరిగివస్తాడు, వచ్చే ఏడు మళ్లీ పోతాడు. ఇందులో సంఘటన ఏమిటని నిర్మాత అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ‘కొండపొలం’ నవల ఎంచుకున్న వస్తువులోనే ఆ రూపం సిద్ధంగా ఉంది. చిత్రం దానిని వాడుకోక వదిలేసిందన్నదే ఇక్కడి ఫిర్యాదు.

‘సినిమాబండి’: దొరికిన రాయి

గొల్లపల్లిలో ఆటో నడిపే వీరబాబుకు (వికాస్ వశిష్ఠ) ఎవరో ప్రయాణికులు మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. చిన్న సినిమాలకు పెద్ద లాభాలు వస్తున్నాయని టీవీలో విన్న అతడు, పెళ్లిఫొటోలు తీసే గణపతిని (సందీప్ వారణాసి) కూర్చోబెట్టుకొని సినిమా తీయాలని తలపెడతాడు. డబ్బు వస్తే ఊరు బాగుపడుతుంది, వలసపోయేవాళ్లు నిలుస్తారన్నది అతని ఆశ. క్షురకవృత్తిలోని మరిడేష్‌బాబు (రాగ్ మయూర్) నాయకుడు, కూరగాయలమ్మే మంగ (ఉమ) నాయిక.

పత్తికొండ ప్రాంతపు పాఠకునికి ఈ ఇతివృత్తం ఒక తెలిసిన సంగతిని గుర్తుచేస్తుంది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి పరిసరాల పొలాల్లో వజ్రాలు వెతకడానికి జనం దిగుతారు. ఆ ఊళ్లవాళ్లే కాక దూరప్రాంతాల నుంచి కూడా వచ్చి, చెట్లకింద వంట చేసుకొని, నేల చూపులు చూస్తూ రోజులు గడుపుతారు. ఒకే వానకోసం ఒకడు విత్తనంతో, ఒకడు రాయికోసం ఎదురుచూడడం అక్కడి ప్రత్యేకత. విత్తనం మోసం చేసిన ఏళ్లలో రాయి మీద ఆశ పెరుగుతుంది. వీరబాబుకు దొరికిన కెమెరా అటువంటి రాయి. కష్టంతో సంపాదించినది కాదు, అదృష్టం వల్ల తగిలినది. అది తనది కాదని అతనికి తెలుసు. ఈ ఎరుక చిత్రం పొడుగునా ఒక ముల్లులా ఉండి, హాస్యాన్ని తేలిపోనివ్వదు. చేతికి చిక్కిన అదృష్టాన్ని సొంత ఇంటికి కాకుండా ఊరికి పెట్టుబడిగా భావించడం వీరబాబు వ్యక్తిత్వం. దానికి ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్న భార్య గంగోత్రిది. ఊరి బాగు మాట తరువాత, ఇంటి సంగతి ఏమిటని అడిగే ఆ గొంతులో కరువింటి లెక్క నిక్కచ్చిగా వినిపిస్తుంది.

ఈ చిత్రంలో కరువు గురించిన ఉపన్యాసాలు తక్కువ. షూటింగు అడుగడుగునా ఆగిపోతుంది. మొదట కుదిరిన నాయిక ప్రేమించినవాడితో వెళ్లిపోతుంది, నాయకునికి కోపం వస్తుంది, ఒకనాటి చొక్కా మరొకనాడు మారిపోతుంది, ఆ తప్పును ఒక పిల్లవాడు పట్టుకుంటాడు. ఆగడం, ఎదురుచూడడం, చేతిలో ఉన్నదానితో సరిపెట్టుకొని మళ్లీ మొదలుపెట్టడం, ఇదంతా వానాధార సేద్యపు లయ. రెండవ పదునుకోసం కాచుకున్న రైతు ఓపికే ఈ సినిమావాళ్లది. చిత్రకారులు ఈ సామ్యాన్ని కావాలని ఉద్దేశించారని చెప్పడానికి ఆధారం లేకపోవచ్చు. అయినా పనికిమాలినట్లు కనిపించే ఈ ఆలస్యాల ద్వారానే కరువు కాలస్వభావం తెరకు ఎక్కింది. ‘కొండపొలం’లో పులి వల్ల సాధ్యపడనిది ఇక్కడ చొక్కా మారడం వల్ల సాధ్యపడింది.

ముగింపు దగ్గర ఈ రెండు చిత్రాల తేడా మరింత తేటపడుతుంది. రెండింటిలోనూ నగరం నుంచి వచ్చిన చెయ్యి అవసరమయింది. అక్కడ ఇంటర్వ్యూ నిర్ణేతలు, ఇక్కడ కెమెరా యజమానురాలు సింధు. పల్లె తన కథను తానే పూర్తిచేయలేదన్న అభిప్రాయం రెండింటిలోనూ దాగి ఉందని ఆక్షేపించవచ్చు, ఆ ఆక్షేపణలో పస ఉంది. కాని సింధు ఆ ముక్కలను కూర్చి తెచ్చి చూపించేది ఊరివాళ్లకే. ప్రేక్షకులు మారారు. రవీంద్ర తన ఊరి కథను ఊరు దాటినవారికి చెబుతాడు. వీరబాబు కథ ఊళ్లో, తెల్లగుడ్డ మీద, తప్పులతో సహా ఆడుతుంది. మార్కులు వేసేవారు లేరు. తమను తాము చూసుకొని నవ్వేవారు ఉన్నారు.

మాట

భాష విషయంలో రెండు చిత్రాలూ సమానం కావు. ‘కొండపొలం’లో చుట్టుపక్కల పాత్రలు కడప మాటను నిలబెట్టాయి. నాయికానాయకుల నోట అది స్థిరంగా నిలవదు. ఉద్వేగం వచ్చినప్పుడల్లా ప్రమాణభాష తొంగిచూస్తుంది. యాసను అవసరమైనప్పుడు వేసుకొని విప్పే వేషంగా భావించే అలవాటు పరిశ్రమది, ఈ ఒక్క చిత్రానిది కాదు. ముఠాచిత్రాల పుణ్యమా అని సీమ యాసకు బెదిరింపు, వెటకారం అన్న రెండు ఉపయోగాలే మిగిలాయి. ఆ యాసలో జ్వరం వచ్చిన పిల్లను బుజ్జగించవచ్చునని, అప్పు వాయిదా అడగవచ్చునని, ప్రేమను దాచుకోవచ్చునని ‘సినిమాబండి’ నిరూపించింది. తెరకు కొత్తవారైన నటీనటులు ముళబాగిలు వైపు తెలుగును, కన్నడపు ఒరుపు తగిలిన ఆ దీర్ఘాలను, ప్రేక్షకుని సౌలభ్యం కోసం సరిదిద్దకుండా పలికారు. మంగ మరిడేష్‌బాబును దులిపే సన్నివేశాలలో ఆ మాటకున్న వేగం రాతలో పట్టుబడదు. పత్తికొండ మాట ఇందుకు భిన్నమే. కాని కన్నడం పక్కన పెరిగిన తెలుగుకు ఉండే పోలికలు చెవికి వెంటనే తెలుస్తాయి, సుగ్గి అన్న మాట ఎలా ఇటు నడిచివచ్చిందో ఊహకు అందుతుంది.

ఒక విషయంలో మాత్రం ‘సినిమాబండి’ కూడా వెనుకాడింది. వలసను ఆపడం కోసం మొదలైన సినిమాలో వలసపోయినవారు ఎక్కడా కనిపించరు. వారిని గురించి మాటలు ఉన్నాయి, ముఖాలు లేవు. ఊళ్లో ఉన్నవారే నటులు, ఊళ్లో ఉన్నవారే ప్రేక్షకులు. చివర తెల్లగుడ్డ ముందు ఊరంతా చేరి నవ్వుతున్నప్పుడు కెమెరా ముఖం వెంట ముఖాన్ని చూపుతుంది. పత్తికొండ వైపు పల్లెలో ఇటువంటి ప్రదర్శన మాఘమాసంలో పెడితే తెర ముందు ముసలివాళ్లు, చంటిపిల్లలు కూర్చుంటారు. మధ్య వయసువాళ్ల స్థలం ఖాళీగా ఉంటుంది.